మూడు నోడ్లలో ఉన్నా కమిట్ కాని ఎంట్రీ: నా రెండో ప్రయత్నం

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (అనేక కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేసే వ్యవస్థలు) పేపర్‌లో ఈసారి గట్టెక్కాను. సిలబస్, ప్రశ్నల తీరు ఈ పేపర్ రాసేవారికి తెలిసినవే కనుక, మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన ఒక్క ప్రశ్న గురించే వివరంగా రాస్తున్నాను.

అందులో ఒకే సమాచారం ప్రతులను దాచుకునే అయిదు కంప్యూటర్లు (నోడ్లు) ఉన్నాయి; ఆ ప్రతులన్నీ ఒకేలా ఉండేలా చూసే నియమావళి పేరు రాఫ్ట్. నోడ్లు ఓటు వేసి ఒక లీడర్‌ను ఎన్నుకుంటాయి, ఎన్నికకో టర్మ్ అంకె ఉంటుంది. లీడర్ ప్రతి మార్పునూ తన లాగ్‌లో (వరుస చిట్టాలో) ఎంట్రీగా రాసి మిగతావాటికి పంపుతుంది; ఇక చెరగదని ఖరారైన ఎంట్రీ కమిట్ అయినట్టు. టర్మ్ 2లో లీడరైన ఒకటో నోడ్ ఒక ఎంట్రీని రెండో నోడ్‌కు మాత్రమే పంపి పడిపోయింది. టర్మ్ 3లో మూడు, నాలుగు నోడ్ల ఓట్లతో అయిదో నోడ్ లీడరై, అదే స్థానంలో వేరే ఎంట్రీని తన లాగ్‌లో రాసుకొని, ఎవరికీ పంపకముందే ఆగిపోయింది. టర్మ్ 4లో ఒకటో నోడ్ తిరిగి లీడరై పాత ఎంట్రీని మూడో నోడ్‌కు చేర్చింది. ఆ ఎంట్రీ కమిట్ అయినట్టేనా? అయిదింట మూడు మెజారిటీ కనుక అయినట్టేనని రాశాను.

ఫలితం చూశాక కాగితం మీద అయిదు గడులు గీసి, టర్మ్ అంకెలను పెన్సిల్‌తో నింపుతూ మొదటి నుంచి నడిపించాను. ఒకటో నోడ్ మళ్లీ పడిపోయిందనుకుందాం. ఓటు వేసే నోడ్ ముందుగా అభ్యర్థి చివరి ఎంట్రీ టర్మ్‌ను తనదానితో పోల్చి చూస్తుంది, తనకంటే తక్కువైతే ఓటు వేయదు. అయిదో నోడ్‌ది 3, మిగిలినవాటిది అంతకంటే తక్కువ, కనుక రెండు, మూడు, నాలుగు నోడ్లు దానికే ఓటు వేయవచ్చు. అది గెలిచాక మూడో గడిలోని 2ను చెరిపి 3 రాయవలసి వచ్చినప్పుడు రబ్బరు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నేను కమిట్ అయిందన్న ఎంట్రీని నా చేత్తోనే చెరిపేస్తున్నాను! అందుకే లీడర్ తన ప్రస్తుత టర్మ్ ఎంట్రీలనే ప్రతుల లెక్కతో కమిట్ చేస్తుంది. టర్మ్ 4 ఎంట్రీ ఒకటి మెజారిటీకి చేరితే, ఆ మూడు నోడ్లూ అయిదో నోడ్‌కు ఓటు వేయవు. ముందున్న పాత ఎంట్రీ కూడా దానితోపాటే ఖరారవుతుంది.

మాక్ టెస్టులు వదిలేసి ఒక్క బొమ్మ దగ్గర రోజుల తరబడి కూర్చున్నానని తోటివారు తప్పుపట్టారు. కానీ నిర్వచనాలు బట్టీపట్టే నేను మొదటిసారి తప్పాను. ఒక్కో నోడ్‌ను పడగొట్టి చూసే క్రమశిక్షణ అలవడ్డాకే మిగతా అధ్యాయాలు లొంగాయి. 1985 నాటి ఎఫ్‌ఎల్‌పీ ఫలితం (సందేశాల ఆలస్యానికి హద్దు లేనప్పుడు, ఒక్క నోడ్ పడిపోయే వీలున్నా ఏకాభిప్రాయం తప్పక కుదురుతుందన్న హామీ ఇవ్వలేం), క్యాప్ సిద్ధాంతం (నెట్‌వర్క్ చీలినప్పుడు తాజా విలువ, ప్రతి అభ్యర్థనకూ జవాబు రెండూ ఒకేసారి దక్కవు) త్వరగానే ముగించాను. కోరంలో (రాతకు, చదువుకు కనీసం ఎన్ని నోడ్లు స్పందించాలన్న లెక్కలో) మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి: ప్రతులు 3, రాతకు 2, చదువుకు 2 అయితే రెండు గుంపులకూ ఒక నోడైనా ఉమ్మడిగా ఉంటుంది, కానీ ఒకేసారి వచ్చిన రెండు రాతల్లో ఏది ముందో అది తేల్చదు.

ఈసారి పేపర్‌లో నెట్‌వర్క్ చీలి విడిపోయిన పాత లీడర్ గురించి అడిగారు. తన పదవి పోయిందని దానికి తెలియదు కనుక, చదువు అభ్యర్థనకు జవాబిచ్చే ముందు హార్ట్‌బీట్‌తో (లీడర్ క్రమం తప్పక పంపే పలకరింపు సందేశంతో) మెజారిటీ ఇంకా తన వెంటే ఉందని నిర్ధారించుకోవాలని, లేకుంటే పాత విలువను ఇచ్చేస్తుందని రాశాను. ఆ జవాబు పక్కన కూడా అయిదు గడులు గీశాను.