ఓడకు దెబ్బ తగిలి ప్రయాణం రద్దయితే మనకు చేతికి వచ్చేదెంత?

విశాఖపట్నం రేవుకు 2022 జూన్‌లో క్రూయిజ్ ఓడ రావడం, ఆ తర్వాతి ఏడాది అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభం కావడంతో, ఓడ విహారం అనే మాట శ్రీకాకుళం ఇళ్లలో కూడా వినబడటం మొదలైంది. రిటైరైన దంపతులు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు, బ్యాంకు ఉద్యోగుల బృందాలు సింగపూర్ నుంచో, మయామీ నుంచో, బార్సిలోనా నుంచో బయలుదేరే ఓడలకు టికెట్లు కొంటున్నారు. నేను ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నాను కనుక ఈ టికెట్ల రసీదులు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఓడకు ప్రమాదం జరిగి ప్రయాణం రద్దయినప్పుడు కంపెనీ ఏమి ఇస్తుంది, ఏది మన హక్కు, ఏది వాళ్ల దయ అన్న సంగతి కొన్నవారిలో చాలామందికి తెలియదు. టికెట్ అమ్మినవారు కూడా చెప్పరు.

ఇలాంటి సందర్భాల్లో కంపెనీలు ఏమి ఇస్తాయో తెలుసుకోవాలంటే 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ ఓడకు జరిగినదాన్ని చూడాలి. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి నాలుగు రోజుల విహారానికి బయలుదేరిన ఆ ఓడలో సిబ్బందితో కలిపి 4,200 మందికి పైగా ఉన్నారు. ఫిబ్రవరి 10 తెల్లవారుజామున ఇంజిన్ గదిలో ఇంధన గొట్టం కారి మంటలు అంటుకున్నాయి. మంటలు ఆరాయి గాని కరెంటు పోయింది, మరుగుదొడ్లు పనిచేయడం మానేశాయి, కేబిన్లలో ఉక్కపోత భరించలేక జనం పరుపులు డెక్ మీదికి లాక్కుని పడుకున్నారు. టగ్ బోట్లు ఆ ఓడను ఈడ్చుకుంటూ అలబామాలోని మొబైల్ రేవుకు చేర్చేసరికి ఫిబ్రవరి 14 రాత్రి అయింది. కంపెనీ ప్రకటించినది ఇదీ: టికెట్ సొమ్ము పూర్తిగా వాపసు, రాకపోకల ఖర్చులు, క్యాసినోలోనూ బహుమతుల దుకాణంలోనూ పెట్టినది మినహా ఓడలో చేసిన ఖర్చులో అధిక భాగం, చెల్లించిన సొమ్ముకు సమానంగా మరో ప్రయాణానికి క్రెడిట్, వీటితో పాటు మనిషికి 500 డాలర్లు.

ఈ చివరి 500 డాలర్లే ఆసక్తికరమైన అంశం. అదే కంపెనీకి చెందిన స్ప్లెండర్ అనే ఓడ 2010 నవంబరులో మెక్సికో తీరానికి దూరంగా ఇలాగే ఇంజిన్ గదిలో మంటలు లేచి ఆగిపోయినప్పుడు, దాన్ని శాన్ డియాగోకు ఈడ్చుకొచ్చాక ప్రయాణికులకు వాపసు, రవాణా ఖర్చులు, మరొక ఉచిత ప్రయాణం ఇచ్చారు. ట్రయంఫ్ విషయానికి వచ్చేసరికి అమెరికా టీవీ చానళ్లు రోజుల తరబడి హెలికాప్టర్లతో ఆ ఓడనే చూపించాయి, ఈసారి నగదు కూడా చేరింది. కంపెనీ ఆ రెండింటికీ లంకె ఉందని ఎక్కడా ఒప్పుకోలేదు; ఉందన్నది నా అభిప్రాయం మాత్రమే. ఒక ఓడ కంపెనీ ప్రమాదం తర్వాత ప్రకటించే మొత్తంలో టికెట్ వాపసు ఒక్కటే లెక్క ప్రకారం వచ్చేది, మిగిలినదంతా పేరు నిలబెట్టుకోవడానికి ఇచ్చేది. అందుకే ఒకే రకం ప్రమాదానికి ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకంగా ఇస్తుంది. 2013 మేలో గ్రాండియర్ ఆఫ్ ది సీస్ ఓడలో మంటలు లేచినప్పుడు రాయల్ కరీబియన్ కంపెనీ ప్రయాణికులను బహామాస్ నుంచి విమానాల్లో బాల్టిమోర్‌కు చేర్చి, పూర్తి వాపసుతో పాటు మరో ఉచిత ప్రయాణానికి పత్రం ఇచ్చింది. 2019 మార్చిలో నార్వే తీరంలో తుపాను గాలుల మధ్య ఇంజిన్లు ఆగిపోయి, 400 మందికి పైగా ప్రయాణికులను హెలికాప్టర్లతో పైకి లాగవలసి వచ్చిన వైకింగ్ స్కై విషయంలోనూ ఇచ్చినది పూర్తి వాపసు, మరో ఉచిత ప్రయాణం.

ప్రాణనష్టం జరిగినచోట లెక్క మారుతుంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాళ్లను గుద్దుకుని ఒరిగిపోయిన ఘటనలో 32 మంది మరణించారు. గాయపడని ప్రయాణికులకు కంపెనీ తలకు 11,000 యూరోలు, దానితో పాటు టికెట్, ప్రయాణ, వైద్య ఖర్చులు ఇస్తామంది. అయితే ఆ సొమ్ము తీసుకున్నవారు ఇకపై దావా వేయబోమని ఒప్పుకోవాలి. కొందరు తీసుకున్నారు, కొందరు కోర్టు దారి పట్టారు. పెద్ద మొత్తం కనబడగానే సంతకం చేసే తొందర మనలో ఎక్కువ; ఆ కాగితంలో 'పూర్తి, తుది పరిష్కారంగా' అనే మాట ఉందేమో చూడకుండా పెట్టే సంతకం ఆ తర్వాత బయటపడే నొప్పులకు, నష్టాలకు కూడా తలుపు మూసేస్తుంది.

ట్రయంఫ్ గొడవ చల్లారకముందే, 2013 మేలో, క్రూయిజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ఒకటి ప్రకటించింది. యంత్ర వైఫల్యం వల్ల ప్రయాణం రద్దయితే పూర్తి వాపసు, మధ్యలో ఆగిపోతే కొంత వాపసు, అనుకోని రేవులో రాత్రి దిగవలసి వస్తే బస, దిగవలసిన రేవుకు గాని సొంత ఊరికి గాని చేర్చే ఏర్పాటు అందులో ఉన్నాయి. చదవడానికి బాగానే ఉంటుంది గాని, 'యంత్ర వైఫల్యం' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. తుపాను వల్ల మార్గం మారినా, రేవు మూసేసినా ఈ పత్రంలోని వాపసు హామీ వర్తించదు. టికెట్ వెనుక ఉండే ఒప్పందంలో సాధారణంగా, ఓడను, మార్గాన్ని, రేవులను ఏ కారణం చేతనైనా మార్చే హక్కు కంపెనీది అని రాసి ఉంటుంది. ఒక రేవు దాటవేస్తే సాధారణంగా ఆ రేవు తాలూకు పన్నులు, రుసుములు మాత్రమే తిరిగి వస్తాయి.

అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద ఓడల విషయంలో అక్కడి సముద్ర రవాణా నియంత్రణ సంస్థ ఫెడరల్ మారిటైం కమిషన్ 2022లో తెచ్చిన నిబంధన కొంత గట్టిది. ప్రయాణం రద్దయినా, మూడు రోజులు లేదా అంతకు మించి ఆలస్యమై ప్రయాణికుడు వెళ్లదలచుకోకపోయినా, సొమ్ము తిరిగి ఇవ్వాలి. యూరప్‌లో సముద్ర ప్రయాణికుల హక్కుల చట్టం ఒకటుంది. కాని ఆలస్యానికి టికెట్‌లో నాలుగో వంతో సగమో ఇవ్వాలన్న అందులోని నియమం ఒక రేవు నుంచి మరో రేవుకు పడవల మీద వెళ్లేవారికే గాని విహార ఓడల్లో వెళ్లేవారికి వర్తించదు. క్రూయిజ్ వారికి అక్కడ ప్యాకేజీ ప్రయాణాల చట్టమే దిక్కు. దాని ప్రకారం నిర్వాహకుడు రద్దు చేసుకుంటే 14 రోజుల్లో సొమ్ము వాపసు ఇవ్వాలి.

మరి కోర్టుకు వెళ్లదలచుకుంటే ఎక్కడికి వెళ్లాలి? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు కార్నివాల్ ఓడలో వెళ్లారు. మెక్సికో తీరానికి ఆవల భార్య ఓడలో జారిపడింది. వారు తమ ఊరి దగ్గర దావా వేశారు. టికెట్ మీద వివాదాలన్నీ ఫ్లోరిడా కోర్టులోనే అని చిన్న అక్షరాల్లో రాసి ఉందని కంపెనీ వాదించింది. 1991లో అమెరికా సుప్రీం కోర్టు కంపెనీ వాదననే సమర్థించింది. ఆ దేశపు పౌరులకే ఖండం అడ్డంగా దాటి వెళ్లవలసిన పరిస్థితి అయితే, ఆమదాలవలస నుంచి రైలెక్కి బయలుదేరే మన సంగతి చెప్పనక్కరలేదు.

ఇక నా దగ్గరికి వచ్చిన ఒక వ్యవహారం చెప్తాను. కంపెనీ పేరు, ఏజెన్సీ పేరు ఇక్కడ అవసరం లేదు. పలాస వైపు హైస్కూలులో పనిచేసి రిటైరైన మాస్టారు, ఆయన భార్య సింగపూర్ నుంచి బయలుదేరే ఓడకు ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా ప్యాకేజీ కొన్నారు. ముందరి ప్రయాణంలో ఆ ఓడ ఇంజిన్ దెబ్బతింది. మరమ్మతుకు వెళ్తున్నందున వీరి ప్రయాణం రద్దయిందని బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు ఈమెయిల్ వచ్చింది. "డబ్బంతా ఇచ్చేస్తామన్నారు బాబూ, పైగా ఇంకో ట్రిప్పుకి క్రెడిట్ కూడా ఇస్తున్నారు" అంటూ మాస్టారు ధీమాగానే వచ్చారు. ఏజెన్సీ ఇచ్చిన బిల్లు చూస్తే గాని అసలు సంగతి బయటపడలేదు. అందులో ఓడ ఛార్జీ ఒక వరుసలో, రేవు రుసుములు మరో వరుసలో, విశాఖ నుంచి సింగపూర్ విమానం టికెట్లు, హోటల్, వీసా ఖర్చు, 'సర్వీస్ ఛార్జీ' పేరుతో ఏజెన్సీ కమీషను, దాని మీద జీఎస్టీ, అట్టడుగున టీసీఎస్ అనే ముందస్తు పన్ను విడివిడిగా ఉన్నాయి. ఓడ కంపెనీ 'అంతా' అన్నది మొదటి రెండు వరుసలకే. విమాన టికెట్లు వాపసు ఇవ్వని రకం. వీసా రుసుము ఎవరూ తిరిగి ఇవ్వరు. కమీషను గురించి ఏజెన్సీవారు, "మేము చేయవలసిన పని చేశాం కదా" అన్నారు.

ఇక ఆ క్రెడిట్ విషయం. బట్టల కొట్టువాడు చిరిగిన చీరకు డబ్బు ఇవ్వకుండా, మళ్లీ మా కొట్లోనే కొనుక్కోమని చీటీ రాసిచ్చినట్టుంటుంది ఇది. నిర్ణీత గడువులోగా వాడాలి, రేవు రుసుములకు పనికిరాదు, వేరొకరి పేరుకు మార్చడం కుదరదు, నగదుగా ఇవ్వరు. ఫ్లోరిడాలో కాపురముండి కారులో రేవుకు వెళ్లేవారికి అది నిజంగా విలువైనదే కావచ్చు. శ్రీకాకుళం నుంచి వెళ్లేవారు ఆ క్రెడిట్ వాడుకోవాలంటే విమానానికి, వీసాకు, హోటల్‌కు మళ్లీ చేతి డబ్బు పెట్టాలి, అంటే ఒకసారి పోయిన ఖర్చును రెండోసారి పెట్టాలి. కంపెనీ నగదు వాపసు, క్రెడిట్ రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నప్పుడు, క్రెడిట్ ఎంత ఎక్కువ చేసి చూపినా నగదే అడగండని నా దగ్గరికి వచ్చేవారందరికీ చెబుతాను. కొందరు నూటికి పాతిక ఎక్కువ వస్తుందని ఆశపడతారు. ఆ పాతిక విమాన ఛార్జీ ముందు ఏ మూలకు వస్తుందో లెక్క వేసుకోరు.

టీసీఎస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పోయిన సొమ్ము కింద జమకట్టి వదిలేసేవారు ఎక్కువ. విదేశీ ప్యాకేజీ అమ్మేటప్పుడు ఏజెన్సీ వసూలు చేసి మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టే ముందస్తు పన్ను అది. రేట్లు బడ్జెట్టుకు బడ్జెట్టుకు మారుతున్నాయి గాని పద్ధతి ఒకటే. ప్యాకేజీ రద్దయినా, జరిగినా, మన పాన్ మీద జమ అయిన మొత్తం 26ఏఎస్ అనే వార్షిక పన్ను జమల పత్రంలో కనబడుతుంది, దాన్ని ఆ సంవత్సరపు రిటర్నులో చూపి కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, పన్నే లేకపోతే రీఫండుగా తెచ్చుకోవచ్చు. పెన్షను తక్కువగా ఉండి రిటర్నే వేయని పెద్దలు దీన్ని పోగొట్టుకుంటున్నారు. మాస్టారి భార్య పేరిట కూడా టీసీఎస్ పడింది; ఆవిడ అంతకు ముందు ఎన్నడూ రిటర్ను వేయలేదు. ఇంకొక జాగ్రత్త: ఏజెన్సీ పాన్ నంబరు తప్పుగా రాసినా, ఒకరి పేరుకు మరొకరి నంబరు వేసినా ఆ జమ కనబడదు, వారి చేతే సవరణ చేయించాలి.

ప్రయాణ బీమా ఉంది కదా అనుకుంటే అక్కడా తిరకాసు ఉంది. చాలా పాలసీల్లో ప్రయాణ రద్దు అంటే మనకు జబ్బు చేయడం, దగ్గరి బంధువు మరణించడం వంటివే. రవాణా సంస్థ తనంతట తాను రద్దు చేస్తే చెల్లిస్తారా లేదా అన్నది పాలసీ పత్రంలో ప్రత్యేకంగా రాసి ఉండాలి. ఓడ కంపెనీ వాపసు ఇచ్చినదాన్ని మినహాయించి మిగతాదే ఇస్తారు గనుక, కంపెనీ నుంచి ఎంత వచ్చిందో, ఎంత రాలేదో తెలిపే లేఖ అడిగి దగ్గర పెట్టుకోవాలి. ఈమెయిళ్లు, బోర్డింగ్ పాసులు, హోటల్ రద్దు రసీదులు పారేయకూడదు.

ఏజెన్సీ మీద ఫిర్యాదుకు మాత్రం మయామీ వరకు వెళ్లనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల దాకా ఉంటే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపయితే రుసుము లేదు, గడువు వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. దానికి ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించడం మంచిది. కొన్ని వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి. ప్యాకేజీ అమ్మి, ఒకే బిల్లులో విమానం, హోటల్, ఓడ కలిపి సొమ్ము తీసుకున్న ఏజెన్సీ, ఒక భాగం రద్దయ్యాక మిగతావాటితో తనకు సంబంధం లేదనడం నిలబడే వాదన కాదని నేను భావిస్తాను.

మాస్టారి చేత మేము మొదట రాయించినది ఒక పేజీ ఉత్తరం: బిల్లులోని వరుసలన్నీ, వాటిలో వచ్చినది, రానిది, గడువు తేదీ. ఏజెన్సీవారు కమీషను, దాని మీది జీఎస్టీ వెనక్కి ఇచ్చారు, విమాన టికెట్ల మీద కొంత మాత్రమే ఇస్తామన్నారు. వీసా సొమ్ము పోయినట్టే. టీసీఎస్ ఇద్దరి రిటర్నుల్లోనూ చూపించాం. విమానం సొమ్ములో మిగిలిన భాగం కోసం కమిషన్‌కు వెళ్లాలా, ఇచ్చినది తీసుకుని ఊరుకోవాలా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు, రెండేళ్ల గడువులో చాలా భాగం ఇంకా మిగిలే ఉంది.