గోస్తని మొగ దగ్గర బురద నడక

విశాఖపట్నం వెళ్లేవాళ్లెవరూ నది చూద్దామని వెళ్లరు. సముద్రం, కైలాసగిరి, సింహాచలం, తీరిక ఉంటే అరకు రైలు. ఆ అరకు దారిలోనే బొర్రా గుహల దగ్గర పారే గోస్తని, అనంతగిరి కొండలు దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, మిగిలిన నీటితో భీమునిపట్నం చేరి సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు నగరానికి తాగునీరుగా వస్తాయి. ఊరికి దాహం తీర్చే నది ఎక్కడ ముగుస్తుందో చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఫిబ్రవరి చివర్లో కుదిరింది.

భీమిలి దగ్గర కొందరు స్వచ్ఛందంగా, నెలకొక ఆదివారం, మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, నడక పెడుతున్నారని స్నేహితురాలు చెప్పింది. అందరూ మాస్టారు అని పిలిచే జంతుశాస్త్రం లెక్చరరు ఒకాయన, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, కొంతమంది కాలేజీ పిల్లలు. డబ్బులు తీసుకోరు. బ్యానరు లేదు, ఒకే రంగు టీషర్టులు లేవు, జెండా ఊపి ప్రారంభించే పెద్దమనిషి లేడు. సగం నమ్మకం నాకు అక్కడే కుదిరింది.

రైల్వే స్టేషన్ నుంచి 900K నంబరు బస్సు ఎక్కితే సముద్రాన్ని కుడివైపున పెట్టుకుని రుషికొండ, తొట్లకొండ పక్కగా భీమిలి దాకా వెళ్లవచ్చు. కిటికీ పక్క సీటు దొరికితే ఆ ప్రయాణమే ఒక విహారం. దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. సముద్రం వెనక్కి జరిగి మళ్లీ ముందుకు వచ్చిన వేల ఏళ్లలో గాలి, వాన కలిసి పేర్చి, కోసిన ఇసుక. ఇక భీమిలిలో డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌస్, 1861లోనే ఏర్పడిన మునిసిపాలిటీ గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు కాబట్టి నేను వాటి జోలికి పోను.

నడక వేళను వీళ్లు సముద్రాన్ని బట్టి పెడతారు. పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, ఏ రోజుకా రోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. అందుకని ఒక నెల తెల్లవారుజామునే రమ్మంటారు, మరో నెల టిఫిన్ చేసి రమ్మంటారు. మేం చేరేసరికి నీరు బాగా తీసింది. ఒడ్డు నుంచి చూస్తే నల్లటి బురద, దాని మధ్య సన్నగా మెరిసే నీటి పాయ, అవతల ఇసుక దిబ్బ, ఆ దిబ్బ వెనక సముద్రపు హోరు. వాసన కూడా ఉంది. కుళ్లిన ఆకు, ఉప్పు, చేప కలిసిన వాసన. బడిపిల్లల్లో ఒకరిద్దరు ముక్కు మూసుకున్నారు.

మాస్టారు పాఠం ఏమీ మొదలుపెట్టలేదు. "ఒక పావుగంట ఎవరూ మాట్లాడొద్దు, కదలొద్దు. ఫోన్లు జేబులో పెట్టండి. బురదను చూడండి" అన్నారంతే. మొదటి ఐదు నిమిషాలు చూడడానికి ఏమీ లేదు. చిన్న చిన్న కన్నాలు, వాటి చుట్టూ ఆవగింజంత మట్టి ఉండలు. తర్వాత ఒక కన్నంలోంచి రెండు కళ్లు, కాడల మీద నిలబడ్డవి, పైకి వచ్చాయి. మెల్లగా పీత బయటకు వచ్చింది. బొటనవేలి గోరంత ఉంటుంది. ఒక డెక్క మాత్రం దాని ఒళ్లంత పెద్దది. ఆ డెక్కను పైకెత్తి, పక్కకు తిప్పి, దించింది. మళ్లీ ఎత్తింది. అటుపక్క ఇంకొకటి. చూస్తూ ఉండగానే బురదంతా డెక్కలు ఊపే పీతలతో నిండిపోయింది. వెనక ఎవరో తుమ్మారు. అన్నీ ఒక్కసారిగా మాయం.

అప్పుడు చెప్పారు మాస్టారు. పెద్ద డెక్క మగవాటికే ఉంటుంది, ఆడపీతను పిలవడానికీ, సాటి మగపీతతో కొట్లాటకీ. తిండికి అది పనికిరాదు. చిన్న డెక్కతోనే బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులోని పాచిని, సూక్ష్మజీవులను తిని, మిగిలిన మట్టిని ఉండ చేసి వదిలేస్తుంది. ఆడపీతకు రెండూ చిన్న డెక్కలే కాబట్టి రెండు చేతులా తింటుంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె "మగవాడికి ఆకలి వేయదా సార్?" అని అడిగింది. "వేస్తుంది. కానీ పని తక్కువ, ఆర్భాటం ఎక్కువ" అన్నారాయన. ఆడవాళ్లందరం కాస్త గట్టిగానే నవ్వాం.

దూరంగా నీటి అంచున ఉల్లంకి పిట్టలు పరుగులు తీస్తున్నాయి. చలికాలం ఇక్కడ గడిపి, ఎండలు ముదిరేలోగా ఉత్తరానికి వెళ్లిపోయే పిట్టలు. ముక్కు పొడవును బట్టి ఒక్కోటి బురదలో ఒక్కో లోతున పురుగుల్ని వెతుక్కుంటుంది కాబట్టి ఒకే చోట ఇన్ని రకాలు తగవు లేకుండా తినగలుగుతాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. అందులో లెక్కపెట్టేది ఎక్కువగా ఇలాంటి ఔత్సాహికులే. గుంపులో పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటితో కొలుచుకుని, ఆ కొలతను గుంపంతా జరుపుకుంటూ పోవడం మాకు నేర్పించారు. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి ఒకే అంకె రావడానికి చాలాసేపు పట్టింది.

ఇంతలో విసురు వల భుజాన వేసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. మాస్టారు పక్కకు జరిగి "తాతా, ఇక నువ్వు చెప్పు" అన్నారు. నాకు ఈ నడకలో అన్నిటికన్నా నచ్చింది అదే. చదువుకున్న మనిషి తన తరగతిని జాలరికి అప్పజెప్పి, పిల్లలతో పాటు కింద కూర్చోవడం రోజూ కనిపించే దృశ్యం కాదు.

తాత నిలబడే చెప్పాడు. మండపీత ఏ కన్నంలో ఉందో, ఏది ఖాళీయో కన్నం వాకిట తడిని చూసి తెలుస్తుందట. పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీటి దగ్గరే, పిల్లలు మాత్రం నది వైపు పైకి ఎక్కుతాయి. "చిన్నవన్నీ పోతులే అమ్మా, బాగా పెరిగాకే పెట్టలు అవుతాయి" అన్నాడు. పిల్లలు నమ్మలేదు. మాస్టారు వైపు చూశారు. ఆయన తలూపారు. నిజమే, పండుగప్ప మగచేపగా మొదలై కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. ఈ సంగతి మాస్టారు పుస్తకంలో చదివారు, తాత చేప పొట్ట కోసి తెలుసుకున్నాడు.

ఇది కొత్త సంగతి కాదు. 18వ శతాబ్దం చివర్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి చేపలను సేకరించి బొమ్మలు వేయించాడు. 200 చేపల వర్ణనలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. చాలా చేపలకు ఆయన ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ గురించి అడిగితే తాత "నది నీరసించిందంటే సముద్రం తలుపు వేసేస్తుంది" అన్నాడు. వానాకాలంలో వరద తోసుకుంటూ వచ్చి మొగను వెడల్పు చేస్తుంది. ఎండాకాలంలో అలలు ఇసుకను తెచ్చి ఇరుకు చేస్తాయి. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో దక్షిణానికి. ఆ ప్రయాణానికి అడ్డుగోడ కడితే ఏమవుతుందో ఆర్కే బీచ్ దగ్గర చూడవచ్చు. ఔటర్ హార్బర్ గోడల వెనక ఇసుక ఆగిపోయి తీరం కోసుకుపోతుంటే, డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను తెచ్చి పోస్తుంటారు. గోస్తని సంగతి ఇంకో రకం. ఎగువన నీరు ఆపేకొద్దీ మొగను తెరిచే బలం దానికి తగ్గుతుంది. మొగ మూసుకుంటే పండుగప్ప పిల్లకు పైకి దారి లేదు, లోపల పెరిగిన రొయ్యకు సముద్రానికి దారి లేదు. నగరంలో కుళాయి తిప్పేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. నీళ్లు మానేయమని ఎవరూ అనరు కూడా. వృథాగా పోయేది ఎంత అన్నది మాత్రం అడగదగిన ప్రశ్న.

మడ చెట్లు ఇక్కడ అడవిగా లేవు. కోరింగ చూసిన కళ్లకు ఇవి పొదలే. ఒడ్డు వెంట అక్కడక్కడా, చుట్టూ బురదలోంచి నిటారుగా పైకి లేచిన శ్వాస వేళ్లతో ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే బయటికి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. మాస్టారు ఒక ఆకు కోసి చేతికిచ్చి నాకమన్నారు. ఉప్పగా ఉంది. తాగిన నీటిలోని ఉప్పును ఆకుల మీదుగా విసర్జించే చెట్టు అది.

"మనం ఇంకా కొన్ని నాటొచ్చు కదా?" అని నాతో వచ్చిన ఒకాయన అడిగారు. అందరికీ తోచే ప్రశ్నే. దానికి వచ్చిన జవాబు మాత్రం నాకు అప్పటిదాకా తోచలేదు. ఖాళీగా కనిపించే ఈ బురద ఖాళీ కాదు, ఇందాక పావుగంట చూసింది ఏమిటి? ఇక్కడ మడ నాటితే పిట్టలకు మేత నేల పోతుంది. పైగా రోజులో ఎక్కువసేపు నీట మునిగే చోట నాటిన మొక్క బతకదు. అలాగే ఇసుక తీరం పొడవునా సరుగుడు నాటడం కూడా. గాలిని ఆపుతుంది, నిజమే. కానీ అలల అంచు దాకా నాటితే తాబేలు గుడ్లు పెట్టే ఇసుక దాని వేళ్ల కిందికి పోతుంది. అక్కడ సహజంగా ఉండవలసినవి బాలబంద తీగ, రావణాసురుని మీసాలు. ఇసుకను పట్టి ఉంచే పని అవి ఎవరూ నీళ్లు పోయకుండానే చేస్తాయి. పచ్చగా కనిపించిందల్లా పర్యావరణం అనుకునే అలవాటు మనకు బలంగా పాతుకుపోయింది. మొక్కతో ఫోటో దిగినంత బాగా బురదతో దిగలేం మరి.

చివరి గంట చెత్త ఏరడం. సంచులు నింపి తూకం వేసి గొప్పగా చెప్పుకోవడం ఇక్కడ లేదు. ఒక అమ్మాయి పుస్తకంలో రకాలవారీగా గీతలు పెడుతూ పోయింది. మందు సీసాలు, గుట్కా పొట్లాలు, చెప్పులు, థర్మకోల్ ముక్కలు. అన్నిటికన్నా ప్రమాదం తెగిన నైలాన్ వల ముక్కలట. నీళ్లలో ఉన్నన్నాళ్లూ అవి ఎవరి కోసమూ కాకుండా చేపల్ని, పీతల్ని పడుతూనే ఉంటాయి. వాటిని విప్పడానికి తాత తన కత్తి ఇచ్చాడు. దేవుడి పటాలు కూడా చాలా దొరికాయి. అద్దం పగిలినవి, చెదలు తిన్నవి. ఇంట్లో ఉంచలేక, చెత్తలో వేయలేక నదిలో వదిలినవి. వాటిని చెత్త సంచిలో వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. వాటికి విడిగా ఒక సంచి పెట్టారు. గాజు, చెక్క వేరు చేసి, కాగితాన్ని ఒక వేపచెట్టు మొదట్లో పూడుస్తారట. ఎవరినీ తిట్టకుండా పని జరిగిపోయే పద్ధతి.

సాయంత్రం తిరుగు దారిలో సాగర్‌నగర్ దగ్గర తాబేళ్ల గుడ్ల సంరక్షణ కేంద్రం చూశాం. అటవీశాఖది. ఇసుకలో వల కంచె, లోపల వరసగా పుల్లలకు తగిలించిన అట్టలు. తేదీ, దొరికిన చోటు, గుడ్ల సంఖ్య. ఆలివ్ రిడ్లే తాబేలు జనవరి నుంచి ఈ తీరానికి వచ్చి, రాత్రివేళ అడుగున్నర లోతు గొయ్యి తీసి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు తవ్వుకు తినేలోగా కాపలావాళ్లు వాటిని తెచ్చి, అదే లోతులో, అదే ఆకారంలో గొయ్యి తీసి పెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు.

మేం వెళ్లినప్పుడు ఒక్క పిల్ల కూడా బయటకు రాలేదు. కాపలా కుర్రాడు ఒక గొయ్యి చూపించి "పైన ఇసుక కుంగింది చూడండి, లోపల కదులుతున్నాయి. రేపో ఎల్లుండో" అన్నాడు. అతనిది దగ్గరలోని మత్స్యకారుల పాలెమే. పిల్లలు పుట్టగానే వెలుగున్న వైపు పాకుతాయి. చీకటి తీరంలో అది సముద్రం. ఇక్కడ బీచ్ రోడ్డు దీపాలు, రిసార్టుల దీపాలు సముద్రం కన్నా ఎక్కువ వెలుగుతాయి. కంచె కుక్కల నుంచే కాదు, వీధి దీపాల నుంచి కూడా కాపాడుతుంది.

చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చే తల్లి తాబేళ్ల మాట ఎత్తితే కుర్రాడు కాసేపు నసిగాడు. ట్రాలర్ వలలో చిక్కితే పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చస్తాయి. తాబేలు జారిపోయే పరికరం వలకు అమర్చవచ్చు, కానీ దాంతో పాటు కొంత చేప కూడా పోతుందని పడవల వాళ్ల భయం. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల సంతతి కోసం పెట్టింది, మంచిదే. తాబేళ్లకు మాత్రం అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

అక్కడ ఉండగానే మాస్టారికి ఫోను వచ్చింది. ఏదో పెద్ద సంస్థ వాళ్లు. మూడు వందల మంది ఉద్యోగులతో, మూడు వందల మొక్కలతో మొగ దగ్గరికి వస్తామంటున్నారు. ఆయన ఓపిగ్గా విని "పదిమంది రండి. మొక్కలు వద్దు. పాతబట్టలు వేసుకోండి, మొదటి పావుగంట మాట్లాడకూడదు" అన్నారు. వాళ్లు ఆలోచించి చెబుతామన్నారు. ఉగాది దాటాక ఫోన్ చేసి అడిగాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారట.