లోరెమ్ ఇప్సమ్ వద్దనుకుని...

తెలుగు యాప్ స్క్రీన్ల డిజైన్లలో కూడా లోరెమ్ ఇప్సమ్ (అసలు మాటలు వచ్చేదాకా పెట్టే అర్థంలేని లాటిన్ నమూనా టెక్స్ట్) నింపడం చూసి విసుగొచ్చి, ఫిగ్మాకి (స్క్రీన్లు డిజైన్ చేసే యాప్) సొంతంగా ఓ చిన్న ప్లగిన్, అంటే దానికి తగిలించే అదనపు ప్రోగ్రామ్, రాసుకున్నా. ఎంచుకున్న టెక్స్ట్ లేయర్లలో తెలుగు వాక్యాలు నింపుతుంది, అంతే దాని పని.

ప్లగిన్‌లో ఉండేవి ఇవే: దాని వివరాలు చెప్పే మానిఫెస్ట్ ఫైలు ఒకటి, జావాస్క్రిప్ట్ కోడ్ ఫైలు ఒకటి, విండో కావాలంటే ఓ హెచ్‌టీఎంఎల్. డిజైన్‌ని ముట్టుకునే కోడ్ ఒకచోట, విండో ఇంకోచోట నడుస్తాయి. అలిగిన వియ్యంకుల్లా నేరుగా మాట్లాడుకోవు, అన్నీ మెసేజీలే. టెక్స్ట్ మార్చేముందు ఫాంట్ లోడ్ చేయాలి, లేదంటే ఎర్రర్.

అసలు సరదా తెలుగుతోనే. డబ్బాలో పట్టేలా వాక్యాన్ని కత్తిరిద్దామంటే, ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్ లెక్కలో 6 (హల్లులు, పొల్లు గుర్తులు, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా లెక్కేస్తుంది). మధ్యలో తెగితే పొల్లు మిగులుతుంది. అందుకే పదాల మధ్య ఖాళీ దగ్గరే కోస్తున్నా. ఒత్తులు, గుడిదీర్ఘాలు ఎక్కువున్న వాక్యాలే కావాలని పెట్టా. లైన్ హైట్ (ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు) చాలకపోతే పైవరస ఒత్తులు కిందివరస గుడులకు తగిలి వెంటనే కనబడిపోతుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెడితే మరీను!

పబ్లిష్ చేయలేదు. టీమ్‌లో వాళ్లకి ఫోల్డర్ ఇచ్చేశా, డెస్క్‌టాప్ యాప్‌లో మానిఫెస్ట్ ఇంపోర్ట్ చేసుకుంటే చాలు. ఇప్పుడు కన్నడ కూడా కావాలంటున్నారు. మంచి ఒత్తులున్న వాక్యాలు ఎవరైనా రాసిస్తారా?