వర్ధంతి శుభాకాంక్షలు

జూలై 4, రాత్రి 11.20

పడుకుందామని దీపం ఆర్పిన తరువాత మళ్ళీ లేచి వచ్చాను. చిన్నదాని కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. దాని చివరి వాక్యం నిన్న రాత్రి నుంచి నన్ను వదలడం లేదు. "నేటి మహనీయులందరికీ జయంతి, వర్ధంతి శుభాకాంక్షలు."

బడిలో ఉదయం అసెంబ్లీలో రోజుకొకరు "ఈ రోజు విశేషాలు" చదవాలి. జూలై 4 మా చిన్నదాని వంతుకు వచ్చింది. కాగితం బడివారే ఇచ్చారు. నిన్న రాత్రి దాన్ని చేత పట్టుకొని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ, "గారిబాల్డి" దగ్గర ప్రతిసారీ ఆగిపోతూ, పదిసార్లైనా చదువుకుని ఉంటుంది. ఇవాళ ఎక్కడా తడబడలేదట. సంచి భుజం మీంచి దింపకుండానే ఆ మాట చెప్పింది. ఆ ముఖం చూసి సంతోషించాను. కానీ ఆ సంతోషంలో నాకు పూర్తిగా మనసు నిలవలేదు.

ఆ వాక్యం నిన్ననే నా కంటబడింది. "నివాళులు" అని మార్చి చదవమన్నాను. "ఇచ్చింది ఇచ్చినట్టే చదవమన్నారమ్మా" అంది. సరే, దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని, ఉదయం దింపడానికి వెళ్ళినప్పుడు నేనే టీచరుతో చెప్పాను. ఒక మనిషి పోయిన రోజున శుభాకాంక్షలు చెప్పడం తప్పండీ, ఆ ఒక్క మాట మార్పించండి అన్నాను. ఆవిడ మర్యాదగానే విన్నారు. విని, "రెండూ గొప్పవాళ్ళ రోజులే కదండీ, పిల్లలకు అంత తేడా తెలియదు" అని లోపలికి వెళ్ళిపోయారు. పిల్లలకు తేడా తెలియదు గనుకనే కదా బడికి పంపుతున్నాం! ఈ మాట అక్కడ అనలేకపోయాను. దారి పొడుగునా నాలో నేనే అనుకుంటూ వచ్చాను.

ఆ కాగితం పైభాగంలో జననాలు, కింది భాగంలో మరణాలు, అన్నీ ఒకే కొలత అక్షరాలలో ఉన్నాయి. పైన గారిబాల్డి 1807, అల్లూరి సీతారామరాజు 1897, గుల్జారీలాల్ నందా 1898, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1900. కింద జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ 1826, వివేకానంద 1902, మేరీ క్యూరీ 1934, పింగళి వెంకయ్య 1963. ఇలా పేర్చి చూపిస్తే పుట్టుకా చావూ ఒకే రకం సంఘటనలని, అటూ ఇటూ మార్చినా నష్టం లేదని అనిపిస్తుంది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. 1897 జూలై 4న ఒక ఇంట్లో ఒక మగపిల్లవాడు పుట్టాడు, అంతకు మించి ఆ రోజుకు ఇంకేమీ తెలియదు. ఆ పిల్లవాడు పెరిగి, 1922లో మన్యంలో తిరుగుబాటు లేవదీసి, ఇరవై ఏడేళ్ళు నిండకుండానే 1924 మే 7న కాల్పులకు బలైన తరువాతనే, జనం వెనక్కి వెళ్ళి ఆ జూలై తేదీని వెతికి పట్టుకుని దానికి ఆయన పేరు పెట్టుకున్నారు. గొప్పవాళ్ళ పుట్టినరోజులన్నీ ఇలా తరువాత ఎప్పుడో నింపుకున్న గళ్ళే. మరణం సంగతి వేరు. 1902 జూలై 4 రాత్రి బేలూరు మఠంలో ఆ గది బయట నిలబడినవారికి తాము ఎవరిని పోగొట్టుకున్నామో ఆ క్షణానే తెలుసు. వివేకానందులకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళే. అంతకు నాలుగేళ్ళ ముందు, 1898లో, కాశ్మీరులో తమ వెంట ఉన్న అమెరికా శిష్యుల కోసం వారి దేశ స్వాతంత్ర్య దినమైన సరిగ్గా ఈ తేదీ మీదనే ఆయన ఇంగ్లీషులో ఒక కవిత రాశారు. స్వేచ్ఛను సూర్యోదయంగా పిలిచి స్వాగతించిన కవిత అది. ఆ తేదీనే తమకు ఆఖరి తేదీ అవుతుందని ఆ ఉదయం ఎవరికి తెలుసు?

అమెరికా అధ్యక్షులుగా చేసిన ఆడమ్స్, జెఫర్సన్‌ల సంగతి నాకు ఇంతకంటే ఆశ్చర్యం. వారి దేశపు స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొంది సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున, ఒకే పగటిపూట, కొన్ని గంటల తేడాతో ఇద్దరూ పోయారు. ఒకరికి తొంభై ఏళ్ళు, మరొకరికి ఎనభై మూడు. ముందు జెఫర్సన్ వెళ్ళిపోయారు. ఆ సంగతి ఎక్కడో దూరంలో ఉన్న ఆడమ్స్‌కు తెలిసే వీలే లేదు, ఎందుకంటే అప్పట్లో అంత దూరం కబురు చేరడానికి రోజులు పట్టేది. ఇప్పుడు మనం ఇద్దరి పేర్లనూ ఒకే గీత మీద చదివి ఎంత చిత్రమో అనుకుంటాం. ఆ చిత్రం వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరి అనుభవంలోకీ రాలేదు.

ఇక జాజ్ సంగీతకారుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అక్కడ ఉండనే కూడదు. ఆయన బతికినంత కాలం తన పుట్టినరోజు 1900 జూలై 4 అనే చెప్పుకున్నారు. ఆయన 1971లో పోయిన చాలా ఏళ్ళకు చర్చివారి బాప్టిజం రిజిస్టరు వెతికితే 1901 ఆగస్టు 4 అని తేలింది. ఈ సంగతి బయటపడి ఇన్ని ఏళ్ళైనా కాగితాలలో మాత్రం ఆయన ఇంకా జూలైలోనే పుడుతున్నారు.

భోజనాల దగ్గర ఇదంతా ఏకరువు పెడితే ఈయన ఓపికగా విని, "ఒకే తేదీన అనేది మనం గీసుకున్న గడే కదా, దానికి ఇంత బాధెందుకు" అన్నారు. లెక్కలు ఈయనకు ఎప్పుడూ నోటిమీదనే ఉంటాయి. ఒక గదిలో ఇరవై ముగ్గురుంటే చాలు, వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి కొంచెం మించి ఉంటుందట. షేక్‌స్పియర్, సెర్వాంటిస్ 1616 ఏప్రిల్ 23నే పోయారని చెప్పుకుంటారు గానీ, అప్పటికి ఇంగ్లండు పాత క్యాలెండరులోనూ స్పెయిన్ కొత్త క్యాలెండరులోనూ ఉన్నాయి గనుక ఆ రెండు ఇరవై మూడుల మధ్య నిజానికి పది రోజుల ఎడం ఉంది. గెలీలియో పోయిన సరిగ్గా మూడు వందల ఏళ్ళకు, 1942 జనవరి 8న, హాకింగ్ పుట్టారు. ఆయన ఆ సంగతి చెబుతూనే, అదే రోజున ఇంకో రెండు లక్షలమంది పిల్లలు పుట్టి ఉంటారని కూడా లెక్క వేసి చెప్పారు. ఆ హాకింగే 2018లో ఐన్‌స్టీన్ పుట్టినరోజైన మార్చి 14న పోయారు. ఈయన చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు లేదు. అయినా నా బాధ తగ్గలేదు. లెక్క ప్రకారం ఎవరి తేదీ అయినా ఎవరి మీదనైనా పడవచ్చు. పడిన మనిషికి మాత్రం అది లెక్కలా ఉండదు. నాకు తెలుసు.

తాతయ్య గురించి ఇదివరకు చాలాసార్లు రాశాను గానీ ఈ ఒక్కటీ రాయలేదు. ఆయన పోయింది నా పుట్టినరోజున. నాకు ఆ రోజే తొమ్మిదేళ్ళు నిండాయి. ఆయన నాకు ఒక రేకు పెన్సిలు పెట్టె తెచ్చి ఇచ్చారు. మూత లోపలివైపు ఎక్కాలు అచ్చు వేసి ఉండేవి, పన్నెండో ఎక్కం చివర రంగు కొంచెం చెదిరిపోయి ఉండేది. మూత బిగుతుగా ఉండి నా వేళ్ళకు తెరుచుకోవడం లేదని, సాయంత్రం వాలుకుర్చీలో కూర్చొని చిన్న చాకుతో దాని అంచును కొద్ది కొద్దిగా వంచుతూ, మూసి చూస్తూ, తెరిచి చూస్తూ, "ఇప్పుడు చూడమ్మా" అని రెండు మూడు సార్లు నా చేతికిచ్చారు. మూడోసారి తెరుచుకుంది. రాత్రి తొమ్మిదిన్నర కాకముందే ఆయన లేరు. వచ్చినవాళ్ళలో ఒకావిడ నా వైపు చూసి, "పాపం, పిల్ల పుట్టినరోజునాడే" అన్నారు. ఆ మాటతో గదిలో ఉన్న అందరూ ఒక్కసారి నన్ను చూశారు. నేనేదో చేశానని, అందుకే అలా చూస్తున్నారని అనుకుని పెన్సిలు పెట్టెను వెనక్కి దాచుకున్నాను.

ఆ తరువాత మరణాన్ని నమోదు చేయించే కాగితం నింపుతూ నాన్న పెన్ను పట్టుకుని ఆగిపోవడం కూడా నాకు గుర్తుంది. పోయిన వేళ ఎవరిని అడిగినా నిమిషంతో సహా చెప్పారు, ఎందుకంటే గోడ గడియారం అందరి కళ్ళ ముందే ఉంది. పుట్టిన తేదీ మాత్రం ఎవరికీ తెలియదు. బడిలో చేర్చినప్పుడు ఎవరో ఉజ్జాయింపుగా వేయించిన తేదీ ఒకటి ఉందని బాబాయి అన్నారు. దాన్నే రాశారు.

మరుసటి ఏడు నుంచి నా పుట్టినరోజు మా ఇంట్లో ఒక రోజు వెనక్కి జరిగింది. "ఇవాళ వద్దులేవే, రేపు చేసుకుందాం" అనేది అమ్మ. ఆ మాటలో కఠినత్వం లేదు. కానీ ఏటా అదే మాట విని విని, నా తేదీని తాతయ్య తీసుకున్నారని, అమ్మ అడగకుండానే ఇచ్చేసిందని లోపల ఒక కోపం పెంచుకున్నాను. తాతయ్య మీద కోపం రావడం సిగ్గుగా ఉండేది. అయినా వచ్చేది. పుట్టినరోజును, పోయిన రోజును కలిపి ఒకే కాగితం మీద ఎవరు రాసినా నాకు నచ్చకపోవడానికి మూలం అక్కడే ఉందని ఇప్పుడు ఇది రాస్తుంటే అర్థమవుతోంది.

ఇంతవరకు రాసి ఆగి, లోపలికి వెళ్ళి అమ్మ డైరీల పెట్టె తెరిచాను. అమ్మ అల్మరా ఖాళీ చేసినప్పుడు తెచ్చుకున్నవి, మొత్తం ఇరవై రెండు. అవి పాల లెక్క, చందాల లెక్క రాసుకునే చిన్న డైరీలే. కొత్త డైరీ రాగానే ముఖ్యమైన తేదీలన్నీ పాతదాంట్లోంచి దించుకోవడం అమ్మకు అలవాటు. నా తేదీ ఉన్న పేజీ ప్రతి దాంట్లోనూ తీసి చూశాను. అన్నిటిలోనూ రెండే గీతలు. "పెద్దమ్మాయి పుట్టింది, తె. 4.10." దాని కింద, "మామయ్యగారు పోయారు, రా. 9.20." ఒకే పెన్ను, ఒకే కొలత అక్షరాలు. ఏ ఏడూ ఆ వరుస మారలేదు. నేనే పైన ఉన్నాను.

పొద్దుటి నుంచి బడివారి కాగితాన్ని ఏ పనికి తప్పుపడుతున్నానో, అమ్మ ఆ పనినే ఇరవై రెండేళ్ళు చేసింది. పైనా కిందా రాసినందువల్ల మా ఇద్దరినీ ఒకటి చేసిందని ఎవరూ అనలేరు. ఆ పేజీని విడగొట్టి ఒకరిని ఇంకో చోటికి పంపమంటే అమ్మ ఒప్పుకునేది కాదనిపిస్తోంది. కాబట్టి పైన చెప్పిన మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పక్కపక్కన పెట్టడంలో తప్పు లేదు.

శుభాకాంక్షల సంగతి ఇంకా మిగిలే ఉంది. టీచరుకు ఆధారం చూపిద్దామని సాయంత్రమే నిఘంటువు తీశాను. తీరా చూస్తే వర్ధంతికి మూలం పెరగడాన్ని చెప్పే ధాతువే. వృద్ధి, వర్ధమానం, వర్ధిల్లడం, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. కన్నడంలో వర్ధంతి అంటే పుట్టినరోజు. మనం మాత్రం అదే మాటను పోయిన రోజుకు స్థిరపరచుకున్నాం. చదివి చాలాసేపు పుస్తకం మూయలేదు. మాట పుట్టుక ఏదైనా, ఇవాళ తెలుగులో వర్ధంతి అనగానే మనసుకు తోచే అర్థం ఒక్కటే గనుక శుభాకాంక్షలు తప్పేనని ఇప్పటికీ అంటాను. అయితే ఉదయం బడి గుమ్మంలో చెప్పినంత గట్టిగా ఇక చెప్పలేను. వెంకయ్యగారు పోయిన రోజున చిన్నది ఆయన పేరును నోరారా, తప్పు లేకుండా పలికింది. 1921లో బెజవాడలో జెండా నమూనాను గాంధీకి చేతికిచ్చిన మనిషి అని దానికి ఇవాళే తెలిసింది. శుభాకాంక్షలన్న మాట వల్ల ఆయనకు దాని దగ్గర మర్యాద తగ్గలేదు.

రేపు టీచరు దగ్గరికి మళ్ళీ వెళ్ళను. ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి మాత్రం ఒక చీటీ రాసి చిన్నదాని పుస్తకంలో పెట్టాను. దాని కాగితం మీద 1900 అన్న అంకెను పెన్సిలుతో కొట్టేశాను. నా డైరీలో ఆగస్టు 4 పేజీ ఖాళీగానే ఉంది. అక్కడ ఆయన పేరు, పక్కన 1901 రాశాను. పొద్దున కొట్టివేత చూడగానే చిన్నది అడుగుతుంది, మరి బతికి ఉన్నప్పుడు జూలైలో చేసుకున్నవన్నీ ఆయన పుట్టినరోజులు కావా అని.