ట్యూనా డబ్బాలు, నా రక్తపరీక్ష

జిమ్ మొదలుపెట్టాక ప్రోటీన్ కోసం ఏడాదిపాటు రోజుకో ట్యూనా డబ్బా లాగించాను. అదీ ఆల్బకోర్ రకమే, ముక్క తెల్లగా గట్టిగా ఉంటుందని. మొన్న రక్తపరీక్షలో పాదరసం ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రే లేదు.

డాక్టర్ గారు మాత్రం "చేప మానొద్దు, చేపని మార్చండి" అన్నారు. చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే మిథైల్ మెర్క్యురీ (చేపల్లో ఉండే పాదరసం రూపం) అంతా చివరిదాని ఒంట్లో పోగుపడుతుందట. అందుకే సొరచేప, కత్తిచేపల్లో ఎక్కువ; సార్డీన్, సాల్మన్‌లలో చాలా తక్కువ. ఆల్బకోర్‌లోనేమో మామూలు లైట్ ట్యూనాకి దాదాపు మూడింతలు! కడిగినా వేయించినా పోదు, కండలోని ప్రోటీన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. నేను తిన్నదే ఆ ప్రోటీన్ కోసం, చూడండి నా తెలివి.

ఇదంతా విని, కడుపుతో ఉన్న మా అక్క చేపలే మానేస్తానంది. వద్దే అన్నాను. బిడ్డ మెదడుకి చేపల్లో ఉండే ఒమేగా-3 అనే మంచి కొవ్వు కావాలి. పాదరసం తక్కువున్న రకాలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినమనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులకు చెబుతోంది.

రక్తంలో చేరింది సగానికి తగ్గడానికి దాదాపు 50 రోజులట. వంటింటి అరలో ఇంకా పదకొండు డబ్బాలున్నాయి.