కలెక్టరు వేసవి ఇల్లు

మే నెలలో నలభై డిగ్రీలు దాటే కడప ఎండను చిన్ననాటి నుంచి ఎరిగినవాణ్ణి గనుక, ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో మదనపల్లె దగ్గర, నేడు హార్స్‌లీ హిల్స్ అని పిలిచే కొండమీద వేసవి విడిది ఎందుకు కట్టుకున్నాడో నాకు సులువుగానే అర్థమవుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతం కడప జిల్లాలోనిదే. అందుకే ఆ బంగళా కథను మా జిల్లా కథగానే భావిస్తాను.

సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న ఆ కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు ఆహారం తెచ్చి పోషించిన మల్లమ్మ అనే సాధ్వి, చుట్టుపక్కల చెంచులకు మందులిచ్చి కాపాడి, ఒకనాడు కనిపించకుండా పోయిందని స్థానికులు చెప్పుకుంటారు. ఆమె గుడి నేటికీ అక్కడుంది. అయినా బస్సు బోర్డుల మీద దొర పేరే నిలిచిపోవడం నన్ను బాధిస్తుంది.

దొరల బంగళా తరువాత అటవీశాఖ విడిదిగా మారింది. పర్యాటక శాఖ హరిత హోటల్ కూడా వెలిసింది. ఒకప్పుడు కలెక్టరు కుటుంబానికే దక్కిన ఆ చల్లగాలిని ఇప్పుడు గది అద్దె చెల్లించి మా కడపవాళ్లూ అనుభవిస్తున్నారు.