హైగ్రోమీటర్ చూశాకే బస్సు దగ్గరికి

పిల్లల సైన్స్ మ్యూజియంలో ఎడ్యుకేటర్ అంటే బోర్డుల మీది సంగతులు చదివి వినిపించే మనిషి అనుకుంటారు చాలామంది. బోర్డులు పిల్లలే చదువుతారు. "చూసినవన్నీ రాసుకురండి" అని బడిలో చెప్పి పంపితే, తలెత్తకుండా నోటుబుక్కులోకి ఎక్కిస్తారు కూడా. అందుకే బుకింగ్ ఖాయమైన రోజే టీచర్‌గారికి ఫోన్ చేస్తాను. ఎంతమంది, ఏ తరగతి, రాతపని ఏమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఒక్క ప్రశ్నకు తగ్గించమని బతిమాలుకుంటాను.

కాగితం మీద సెషన్ 45 నిమిషాలు. బస్సు ఆలస్యం, మంచినీళ్లు, బాత్రూం పోగా చేతికి దక్కేది 30. బాత్రూం సంగతి ముందే తేల్చకపోతే, ప్రయోగం మంచి పట్టులో ఉండగా ఒకరు చెయ్యెత్తుతారు, వెనకాలే పదిమంది లేస్తారు. 60 మంది వస్తే 20 చొప్పున మూడు జట్లు చేయాల్సిందే. ఒక బల్ల చుట్టూ 20 మందికి మించితే వెనక వరుసకు కనిపించేది ముందువాళ్ల వీపులే.

ఆ రోజు ఏ ప్రయోగం అన్నది నా ఇష్టం కాదు, గాల్లో తేమ ఇష్టం. పొద్దున్నే గాల్లో తేమ కొలిచే హైగ్రోమీటర్ చూస్తాను. 60 శాతం దాటితే స్థిర విద్యుత్తు పక్కన పెట్టేస్తాను. ప్లాస్టిక్, రబ్బరు పైన కంటికి కనిపించని నీటి పొర చేరి, పోగుపడిన విద్యుదావేశం దాని మీదుగా జారిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఏడాదిలో చాలా రోజులు ఇదే గొడవ. హైదరాబాద్‌లో చలికాలం మధ్యాహ్నాలు నయం. సబ్బు బుడగలది సరిగ్గా తలకిందుల లెక్క. ముసురు పట్టిన రోజున బుడగ పొర త్వరగా ఆరదు, ఎక్కువసేపు నిలుస్తుంది.

బుడగల ద్రావణం ముందురోజు సాయంత్రమే కలపాలి. లీటరు నీళ్లకు గిన్నెలు కడిగే లిక్విడ్ 100 మిల్లీలీటర్లు, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ 20 మిల్లీలీటర్లు. బోరు నీళ్లు వద్దు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు పనిని చెడగొడతాయి. డిస్టిల్డ్ వాటర్ కొనే బడ్జెట్ లేకపోతే ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోవచ్చు, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. గిలక్కొట్టకుండా గరిటెతో మెల్లగా తిప్పాలి. పైన నురగ తేలితే తీసిపారేయాలి, నురగ మీద పెద్ద బుడగ నిలవదు. ఫ్యాన్లు ఆపాలి. నేల మీద గోనెసంచులు పరవడం మాత్రం మర్చిపోవద్దు. సబ్బునీళ్లు పడిన టైల్స్ మీద పిల్లలు పడితే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే.

చదరపు తీగతో ఊదితే బుడగ ఏ ఆకారంలో వస్తుంది? ఊదకముందే చేతులెత్తమంటాను. నలుపలకలు అనేవాళ్లే ఎక్కువ. గుండ్రంగా వచ్చాక కారణం చెప్పాలని నోరు దురద పెడుతుంది, ఆపుకోవాలి. "ఎందుకు?" అని అడిగితే తరగతి ఫస్టు ఒక్కరే జవాబు చెబుతారు. "ఏం చూశారు?" అంటే చివరి బెంచీ కూడా మాట్లాడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నాలుగు ఊళ్ల లెక్క. 15 సెంటీమీటర్ల అక్రిలిక్ పలకలు రెండు, మధ్యలో 2 సెంటీమీటర్ల ఎడం, 10 సెంటీమీటర్ల చదరం మూలల్లో నాలుగు బోల్టులు. బోల్టులు ఊళ్లు. నాలుగింటినీ కలిపే అతి తక్కువ పొడవు రోడ్డు గీయమని కాగితాలిస్తాను. మూడు భుజాలు గీస్తే 30 సెంటీమీటర్లు. ఇంటూ గుర్తు గీసినవాళ్లది 28.3, గెలిచామని కేకలేస్తారు. అప్పుడు పలకల్ని ద్రావణంలో ముంచి తీస్తే సబ్బు పొర 27.3 సెంటీమీటర్ల దారి చూపిస్తుంది. మధ్యలో చిన్న రోడ్డు, దాని రెండు చివరలా మూడు దారుల కూడళ్లు, ప్రతి కోణం 120 డిగ్రీలు. పొరలు ఇలా మూడేసి కలుస్తాయన్న నియమాన్ని బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో 1873లో అచ్చువేసిన పుస్తకంలో రాశాడు. అప్పటికే ఆయనకు చూపు లేదు, పక్కవాళ్లు చూసి చెబుతుంటే పని సాగించాడు. ఈ మాటకు గది నిశ్శబ్దమైపోతుంది.

పలకల్ని పడుకోబెట్టి ముంచితే లోపల గాలి బుడగ ఇరుక్కుని దారి వంకరపోతుంది. నిలువుగా దించి, నిలువుగానే నిదానంగా తీయాలి. ఒక బోల్టు పొరకు తగలకుండా మిగిలిపోతే మళ్లీ ముంచడమే, సర్దబోతే తెగుతుంది. వేలు పెట్టాలని తహతహలాడేవాళ్లని ఆపను, ద్రావణంలో తడుపుకుని రమ్మంటాను. తడి వేలు పొరలోంచి దూరిపోతుంది, పొడి వేలే పగలగొట్టేది.

గాలి పొడిగా ఉన్న రోజు వాన్ డి గ్రాఫ్ జనరేటర్ బయటికి వస్తుంది. తిరిగే బెల్టుతో లోహపు గోళం మీద విద్యుదావేశం పోగుచేసే యంత్రమిది, గోళం మీద చెయ్యి ఆనించినవాళ్ల జుట్టు పైకి లేస్తుంది. ముందు గోళాన్ని స్పిరిట్‌తో తుడిచి, బెల్టుకు పది నిమిషాలు హెయిర్ డ్రయ్యర్ పడతాను. గుండెలో పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు పెద్దలైనా సరే దూరంగా ఉండాలి. స్టూలు మీద ఒక్కరే, మిగతావాళ్లు మీటరు దూరంలో. వాచీ తీసేసి, చెయ్యి గోళం మీద ఆనించాకే స్విచ్ వేయాలి. అయిపోయాక ముందు స్విచ్, తర్వాత ఆవేశాన్ని నేలలోకి పంపే ఎర్త్ కడ్డీ గోళానికి తాకించడం, ఆ తర్వాతే చెయ్యి తీయడం, దిగడం. వరుస తప్పితే దిగే కాలికి చురుక్కుమంటుంది, ఇక రెండోవాళ్లు ముందుకు రారు.

అన్నీ సరిగ్గా చేసినా జుట్టు లేవని బ్యాచ్‌లు ఉంటాయి. ట్రిప్ రోజని అమ్మలు తలకు నిండా కొబ్బరినూనె పెట్టి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టి పంపుతారు. నూనెకు వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కుతాయి, ఏ వోల్టేజీకీ లేవవు. "రేపు నూనె వద్దని చెప్పండి" అని ఫోన్‌లో నాలుగో మాటగా చేర్చాను గానీ పెద్దగా తేడా రాలేదు. అందుకని పల్చటి అల్యూమినియం కప్‌కేక్ గిన్నెలు ఒక దొంతర దగ్గర పెట్టుకుంటాను. గోళం మీద బోర్లించి స్విచ్ వేస్తే ఒక్కొక్కటే ఎగిరిపోతాయి. వాటికి నూనె పెట్టే అమ్మలు లేరు.